అమెరికా యడవులలో టర్కీకోడి పునరాగమనము



భారతమున నరణ్యపర్వములో నొక చిన్న కథ కలదు. పురాణము చెప్పువారు సామాన్యముగా దానిని దాటిపోవుదురు. అందు యుద్ధము లేదు, శాపము లేదు, స్వయంవరము లేదు. పాండవులు ద్వైతవనమున వసించు కాలమున నొక రాత్రి ధర్మరాజునకు కల వచ్చెను. ఆ కలలో లేళ్ళు గడగడ వడకుచు వచ్చి యెదుట నిలిచినవి. నీ తమ్ములు మహాశూరులు, వారి వేటకు మా కులము క్షీణించినది, ఇపుడు విత్తనమునకు కొలదిమందిమి మాత్రమే మిగిలితిమి, మీరు తావు మార్చినచో మరల పెంపొందుదుము, అని మొఱపెట్టుకొన్నవి. ధర్మరాజు తెల్లవారగనే తమ్ములకు కల చెప్పి, పరివారముతో కామ్యకవనమునకు తరలిపోయెను. వేట మానెదనని యతడు ప్రతిజ్ఞ చేయలేదు. విత్తనము నిలువవలె నన్నంతవఱకే యతని నిర్ణయము. నేను పాఠశాలలో ముప్పదియైదేండ్లు పిల్లలకు భారతకథలు చెప్పితిని గాని, యీ కథకు లోకములో నెక్కడనైన నుదాహరణము దొరకునా యని యెన్నడు నాలోచింపలేదు. దొరకినది, అది అమెరికాలో, ఒక కోడి రూపమున.

నా కుమార్తె కాపురము మసాచుసెట్స్ రాష్ట్రమున నొక చిన్న పట్టణమున. ఆ ప్రాంతమున మన తెలుగువారి కుటుంబములు పెక్కు కలవు. ఒక వసంతమున నేను కొన్ని మాసము లచ్చట గడిపితిని. ఒకనాటి యుదయమున సంధ్య వార్చుకొని కిటికీనుండి వీధివంకకు చూచితిని గదా, కార్లు బారులుదీరి నిలిచియున్నవి. ప్రమాద మేదియో జరిగినదని తలచితిని. తీరా చూడగా, నెమలిపెట్టకంటె పెద్దవైన పక్షులు ఎనిమిది, పెండ్లివారి నడకతో, రోడ్డున కడ్డముగా పోవుచున్నవి. అందొక పుంజు తోకను విసనకఱ్ఱవలె విప్పి, ఱెక్కలు నేలకు రాచుచు, ఒక కారు తలుపులో తన నీడను తానే చూచుకొని శత్రువని భ్రమించి ముక్కుతో పొడుచుచుండెను. ఎవ్వరును దానిని తోలలేదు. మా మనుమరాలు, "తాతయ్యా, వీటికి రోజూ ఇదే పని" అని నవ్వెను.

పొరుగింట నొక వృద్ధుడుండెను. డెబ్బదియేండ్లు దాటినవాడు, వడ్రంగపు పని చేసి విశ్రాంతి తీసికొన్నవాడు. అతడు కంచె కావల నిలిచి యా వేడుక చూచుచు నాతో నన్నమాట యిది: నా చిన్నతనమున నీ రాష్ట్రములో నిట్టి పక్షి యొక్కటియు లేదు, మా తాతయు చూడలేదు, ఆయన తాత చూచియుండవచ్చును. ఆ మాట విన్నపిమ్మట నాకు నిదుర పట్టలేదు. ఒక పక్షి మూడు తరములవారికి కనబడక పోయి, నాలవతరమువానికి వీధికడ్డముగా నెట్లు నిలిచినది? అచ్చటి పుస్తకశాలలో దినదినము కూర్చుండి నేను తెలిసికొన్నది మీకు మనవిచేసెదను.

మొదట పక్షిని గుఱించి. ఇది యుత్తర అమెరికా ఖండమునకు సొంతమైనది. మన పట్టణముల దగ్గఱ నిపుడు కొందఱు మాంసమునకై పెంచుచున్న టర్కీకోడికి నీ యడవికోడియే మూలము. అడవిపుంజు ఏడు మొదలు పదునొకండు కిలోల వఱకు తూగును. ఒడలెల్ల కంచువన్నె, ఎండ పడినపుడు అందులో రాగియు పచ్చయు మెఱయును. తల బోడి. ఆ తలయే దాని మనస్సునకు అద్దము. కోపము, మోహము, భయము కలిగినకొలది యెఱుపు, తెలుపు, నీలము మాఱుచుండును. రొమ్మునుండి గుఱ్ఱపు వెండ్రుకలవంటి కుచ్చు వ్రేలాడును. కాలి వెనుక ముల్లు మొలచును. రాత్రి చెట్టుకొమ్మలపై నిదురించును, పగలు నేలమీద తిరిగి గింజలు, పురుగులు, ఓక్ చెట్ల కాయలు ఏరుకొని తినును. బరువైన పక్షి యని యెగురలేదనుకొనరాదు. కొలదిదూరమైనను మహావేగముగా నెగురును. పెట్ట నేలపై గుంటలో పది పండ్రెండు గ్రుడ్లు పెట్టి యిరువదియెనిమిది దినములు పొదుగును. పిల్లలు పుట్టిన పిదప రెండు వారముల వఱకు చెట్టెక్కలేవు. తల్లి వానిని ఱెక్కలక్రింద పెట్టుకొని నేలపైననే రాత్రులు గడపును. నక్క, గ్రుడ్లగూబ, చలివాన, ఈ మూడింటికిని తప్పించుకొన్నవే పెద్దవగును.

దీని పేరు గుఱించి యొక ముచ్చట చెప్పక తప్పదు. పదునాఱవ శతాబ్దారంభమున స్పెయిన్ దేశస్థులు మెక్సికోలో నచ్చటివారు పెంచుచున్న యీ కోళ్ళను యూరపునకు గొనిపోయిరి. ఇంగ్లీషువా రది తురకదేశపు వర్తకులవలన వచ్చినదని టర్కీ యనిరి. తురకలో, దానిని హిందీ యనిరి. ఫ్రెంచివారు ఇండియా కోడి యనిరి. డచ్చివారు మన కళ్ళికోట పేరు తగిలించి కల్కూన్ అనిరి. ఏ దేశమువారు చూచినను అది మఱియొక దేశమునుండి వచ్చినదనియే చెప్పిరి గాని, సొంతవూరి పేరు దానికి పెట్టినవాడొక్కడును లేడు. ఇండియాకు తొలుత వచ్చిన వాటిలో నొకటి జహంగీరు పాదుషా కొలువునకు చేరినది. 1612లో ముకర్రబ్‌ఖాను గోవాలో పోర్చుగీసువారి యొద్ద కొన్న వింతజంతువులలో నిదియు నొకటి. దాని తల యూసరవెల్లివలె రంగులు మార్చుటయు, ముక్కుపై మాంసఖండము ఏనుగు తొండమువలె సాగుటయు పాదుషా స్వయముగా తన చరిత్రమున వర్ణించి, మన్సూరు అను చిత్రకారునిచే దాని పటము వ్రాయించెను. ఆ పటము నేటికిని లండనులో నున్నది.

తెల్లవారు వలసవచ్చునాటికి అమెరికా యడవులలో నీ పక్షులు ఒక కోటి వఱకు నుండెనని పండితుల యంచనా. ఇపుడు సంయుక్త రాష్ట్రములనబడు భూమిలో ముప్పదితొమ్మిది రాష్ట్రముల మేర అవి తిరుగుచుండెను. అచ్చటి యాదిమజాతులవారు వానిని తినిరి, ఈకలతో బాణములకు ఱెక్కలు కట్టిరి, నైరుతిదేశమున వారు ఈకలు పేని దుప్పట్లు నేసికొనిరి. ఱెక్కలోని సన్నని యెముకను పిల్లనగ్రోవిగా చేసి పెట్టకూత కూసి పుంజును పిలుచు విద్యయు వారిదే.

వలసవచ్చినవారికి రెండు పనులు. అడవి కొట్టుట యొకటి, కనబడినదానిని కాల్చుట మఱియొకటి. వేటకు ఋతువు లేదు, లెక్క లేదు. పుంజనక పెట్టయనక, గ్రుడ్లపై నున్నదనక కొట్టిరి. రాత్రి చెట్టుపై నిదురించు గుంపును దీపములతో కాల్చిరి. అంగళ్ళకు బండ్లతో తోలిరి. అయినను వేటకంటె గొడ్డలియే యెక్కుడు హాని చేసినదని నా కనిపించును. న్యూ ఇంగ్లండు సీమలో చాలభాగము అడవి నఱకి గొఱ్ఱెల బయళ్ళు చేసిరి. చెట్టు లేనిచోట పక్షికి రాత్రి పడకయు లేదు, చలికాలపు తిండియు లేదు. కనెక్టికట్ రాష్ట్రమున కడపటి పక్షి కనబడినది 1813లో. మసాచుసెట్స్‌లో 1851లో టామ్ కొండపై నొకటిని కొట్టిరి, అదియే కడపటిది. ఒహైయో రాష్ట్రమున 1904 నాటికి నశించెను. 1920 నాటికి పదునెనిమిది రాష్ట్రములలో టర్కీకోడి యను పేరే మిగిలినది. 1930 ప్రాంతమునకు దేశమంతట ముప్పదివేలే మిగిలెనని కొందఱు, రెండు లక్షలని కొందఱు లెక్కలు వేసిరి. ఏది నిజమైనను, కోటిలో నది విత్తనపు గింజలే. అవి చిత్తడినేలలలోను, బండి పోలేని కొండలలోను దాగి బ్రతికినవి.

ఆ దేశమున అంతకుముందే యొక పాఠము జరిగియుండెను. ఆకాశమును మూసికొని యెగురుచుండిన ప్రయాణపు పావురములను కోట్లకొలది కాల్చి, కడకు 1914 సెప్టెంబరు 1వ తేదీన సిన్సినాటి జంతుశాలలో నొక ముసలిపెట్ట చచ్చుటతో నా జాతి భూమిపై లేకుండ పోయినది. టర్కీకోడియు నా దారినే యుండెను. దాని నాపినది దయ యొక్కటియే యని చెప్పలేను.

మొదటిది, అడవి తిరిగివచ్చుట. పడమటి దేశములలో మంచి నల్లభూములు దొరకగా న్యూ ఇంగ్లండు రైతులు తమ రాళ్ళపొలములను విడిచిపోయిరి. కొందఱు మిల్లులలో కూలికి పోయిరి. విడిచిన పొలములలో దేవదారువంటి చెట్లును, పిదప ఓక్ వృక్షములును తామే మొలచినవి. నేను మా యల్లునితో నడవిలో నడచునపుడు నడివనమున మోకాలెత్తు రాతిగోడలు కనబడినవి. అడవిలో గోడ కట్టినవాడెవ్వడని యడుగగా, అవి నూటయేబది యేండ్ల క్రిందటి పొలముల గట్లని చెప్పిరి. మన సీమలో పాడువడిన యగ్రహారములను చూచిన నాకు మనుష్యుడు విడిచిపోయిన తావు దుఃఖకరము. పక్షి కది వేఱువిధముగ తోచియుండును.

రెండవది, శాసనము. 1900లో లేసీ శాసనము వచ్చి, ఒక రాష్ట్రమున దొంగతనముగా కొట్టిన వేటను మఱియొక రాష్ట్రమున నమ్ముటను నేరము చేసినది. 1937లో వచ్చిన పిట్‌మన్-రాబర్ట్‌సన్ శాసనము అంతకంటె గొప్పది. దాని మూలమున తుపాకులమీదను తూటాలమీదను సుంకము, నూటికి పదునొకండు వంతున, అడవిజంతువుల పునరుద్ధరణమునకై ప్రత్యేకింపబడినది. మఱియు, వేట లైసెన్సులకై వసూలుచేసిన సొమ్మును వేఱు పనికి మళ్ళించు రాష్ట్రమునకు ఆ నిధిలో వాటా లేదని నిబంధన పెట్టిరి. చెఱువు మరామతునకని వసూలుచేసి ఆ సొమ్ముతో రచ్చసావడికి రంగులు వేయించిన యూళ్ళ నెఱిగిన మీకు, ఆ నిబంధన విలువ నేను వేఱుగా చెప్పనక్కఱలేదు. నాటినుండి నేటివఱకు ఆ నిధికి చేరినది వెయ్యికోట్ల డాలర్లకు పైమాట. అనగా తుపాకి కొన్న ప్రతివాడును, తెలిసియో తెలియకయో, పక్షికి కప్పము కట్టుచున్నాడు.

సొమ్మున్నంతమాత్రమున పక్షి రాలేదు. ఇచ్చట నొక పెద్ద పొరపాటు జరిగినది. ఈ చరిత్రలో నాకు మిక్కిలి నచ్చిన భాగ మదియే. అడవికోళ్ళు తక్కువైనవి గదా, కోళ్ళఫారములలో పెంచి యడవిలో విడిచినచో సరి యని తలచిరి. పెన్సిల్వేనియా రాష్ట్రమున 1930లో నిందుకై యొక ఫారము స్థాపించి సుమారు యేబదియేండ్లు నడపిరి. ఇతర రాష్ట్రములవారును నట్లే చేసిరి. లక్షలకొలది కోళ్ళను విడిచిరి. మసాచుసెట్స్‌లో 1967 వఱకు పలుమారులు ప్రయత్నించిరి. అన్నియు వ్యర్థమైనవి. విడిచిన కోళ్ళు పల్లెలలోనికి వచ్చి గింజలకై యింటిముందఱ నిలిచెను. లేదా కొలదిదినములలో నక్కల పాలయ్యెను.

కారణమేమి? ఒడలు అదే, ఈకలు అవే. కాని యంత్రమున పొదిగింపబడిన పిల్లకు తల్లి లేదు. గద్ద నీడ నేలపై కదలగానే తల్లి యొకవిధముగ కూయును. పిల్లలు కదలక పడియుండును. నక్క వచ్చినపుడు వేఱొక కూత. ఏ కొమ్మపై పడుకొనవలెను, మంచు కురిసినపుడు ఏ గింజ దొరకును, ఇవన్నియు తల్లివెంట తిరిగి నేర్వవలసినవి. పైగా తరతరములు ఫారములో పెరిగినవాని నెత్తుటిలో మచ్చిక యింకిపోవును. నేను పండితకుటుంబమున పుట్టి, గురువుగారి యింట నుండి చదువుకొన్నవాడను. పుస్తకము చేతికిచ్చి పంపిన శిష్యునికిని, గురువువెంట నడచిన శిష్యునికిని గల భేదము నెఱుగుదును. కోడిపిల్లలయందును నది యట్లే యున్నదని చదివినపుడు నాకు నవ్వును వచ్చినది, ఒకింత గర్వమును కలిగినది.

కావున అడవికోడినే పట్టి యడవికి పంపవలెను. పట్టుట యెట్లు? దాని కన్ను మిక్కిలి సూక్ష్మము. బోనుల జోలికి సులభముగ రాదు. 1951లో దక్షిణ కరోలినా రాష్ట్రమున, ఫ్రాన్సిస్ మారియన్ జాతీయారణ్యములో, హెర్మన్ హోల్‌బ్రూక్ అను నుద్యోగి నీటిపక్షులను పట్టుటకు పుట్టిన యొక సాధనమును దీనికి వాడెను. దానిని ఫిరంగివల యనవచ్చును. నేలపై వలను మడతపెట్టి ఆకులతో కప్పుదురు. ఎదుట మొక్కజొన్నగింజలు చల్లి కొన్నిదినము లలవాటుపఱతురు. గుంపు వచ్చి తలలు వంచి మేయుచుండగా, దూరమున దాగినవాడు మీట నొక్కును. చిన్న ఫిరంగులు ప్రేలి, వానికి కట్టిన గుండ్లు వలను లాగుకొని పోయి గుంపుపై కప్పును. రెప్పపాటులో పని ముగియును. పిదప అట్టపెట్టెలలో పక్షి కొక పెట్టె చొప్పున పెట్టి, లారీలలోను విమానములలోను క్రొత్త యడవికి చేర్చుదురు.

పదిపదునైదు పక్షులు చాలును. ఫారపుకోళ్ళు లక్షలు చేయలేని పని యవి చేసినవి. మిస్సోరి రాష్ట్రమువారు 1954లో పట్టుట మొదలిడి, తమ జిల్లాలలో నింపి, 1960లో తొలిసారి మూడుదినములు మాత్రము, పదునాలుగు జిల్లాలలో మాత్రము, వేట కనుమతించిరి. ఆ మూడుదినములలో కొట్టబడినవి 94 పుంజులు. 2004లో నొక్క వసంతమున నా రాష్ట్రమున కొట్టినవి సుమారు 60,000. రాష్ట్రములు తమలో తాము వస్తువిక్రయమువలె మార్పిడియు చేసికొన్నవి. 1976లో మిస్సోరి యిరువదితొమ్మిది కోళ్ళను విస్కాన్సిన్‌కు పంపగా, విస్కాన్సిన్ తన యడవిలోని గ్రౌస్ అను పక్షులను బదులిచ్చెను. చెఱువుగట్టు తగవులతో వియ్యంకులైనను మాటలాడుకొనని మనకు, రెండు ప్రభుత్వములు పక్షులతో వాయనము లిచ్చిపుచ్చుకొనుట వింతయే.

మసాచుసెట్స్ కథకు వత్తును. పెన్సిల్వేనియా కొండలలో మిగిలిన విత్తనమునుండి కొన్ని పక్షులు 1948 ప్రాంతమున తమంతట తామే యెల్లదాటి న్యూయార్కు రాష్ట్రములోనికి వచ్చెను. అచ్చట పెరిగి, పట్టువడి, యితర రాష్ట్రములకు పంచిపెట్టబడెను. వర్మాంటుకు 31, న్యూ హాంప్‌షైరునకు 25. మసాచుసెట్స్‌కు 1972, 73 సంవత్సరములలో వచ్చినవి 37. పడమటి కొండలలో విడిచిరి. 1978 నాటికి వేయి యైనవి. 1980లో వేటకు తలుపు తెఱచిరి. లోపలి జిల్లాలకు మఱి యైదువందలకు పైగా మార్చిరి. నేడు ముప్పదివేలకు మించి కలవు. మా యమ్మాయి వీధిలో కార్ల నాపిన పుంజు ఆ ముప్పదియేడింటి సంతతివాడే. దేశమంతట 1973లో పదుమూడు పదునైదు లక్షలుగా నున్నవి, ఈ శతాబ్దపు తొలియేండ్లకు దాదాపు డెబ్బది లక్షలైనవి. ఒక్క అలాస్కా తప్ప అన్ని రాష్ట్రములలోను నున్నవి. ఆ 1973లోనే వేటగాండ్రు తమలో తామొక సమాజముగా నేర్పడి, యడవులు కొనుటకును పక్షుల మార్పిడికిని సొమ్ము కూర్చసాగిరి.

ఇక వేట. నేను వేటను మెచ్చువాడను కాను. మృగయ సప్తవ్యసనములలో నొకటి యని చదివితిని, చెప్పితిని. అయినను పెద్దన మనుచరిత్రమున స్వరోచి వేటను చెప్పునపుడు నా గొంతు హెచ్చెడిదని నా శిష్యు లెఱుగుదురు. అందుచేత పొరుగింటి వృద్ధుని వివరము లడిగితిని. ఆయన చెప్పినది: వసంతమున, ఏప్రిల్ తుదినుండి నాలుగువారములు మాత్రము. సూర్యోదయమునకు అరగంట ముందునుండి మధ్యాహ్నము వఱకు. లైసెన్సు తీసికొనవలెను. రొమ్ముకుచ్చు గల పక్షినే కొట్టవలెను, అనగా పుంజును. కొట్టినదానిని లెక్క చెప్పి నమోదు చేయింపవలెను. చీకటి యుండగానే యడవికి పోయి, ఆకురంగు బట్టలతో చెట్టు కానుకొని కదలక కూర్చుండవలెను. ఎఱుపు, తెలుపు, నీలము బట్టలు కూడవు. అవి పుంజు తలలోని రంగులు గనుక మఱియొక వేటగాడు పొరబడి కాల్చును. అట్టి దుర్మరణములు జరిగినవట.

పుంజును వెంబడించుట కాదు, పిలుచుట. ఆయన యొక దేవదారు పెట్టెను చూపెను. జానెడు పొడవు, పైన నొక పలుచని మూత. మూత నంచుపై రాచినచో పెట్టకూత పుట్టును. ఇట్టిదానికి 1897లో అర్కన్సా రాష్ట్రపు హెన్రీ గిబ్సన్ అనువాడు ప్రభుత్వముచే హక్కుపత్రము పొందెను. మూత జాఱకుండ దానికి సుద్దముక్క రాయుదురు. ముప్పదియైదేండ్లు సుద్దముక్క పట్టిన చేయి నాది. దాని కిట్టి యుపయోగ మున్నదని యెఱుగను. మన వేటకాండ్రు మచ్చికచేసిన కౌజును గూటిలో పెట్టి, దాని కూతతో నడవికౌజులను ఉచ్చులలోనికి రప్పింతురు గదా. దానిని దీమ మందుము. ఇదియు దీమమే, కాని ప్రాణము లేనిది. ఇందొక చిక్కున్నది. ప్రకృతిలో పుంజు కూయగా పెట్ట దానికడకు పోవును. వేటగాడు తలక్రిందులుగా పుంజును పెట్టకడకు రమ్మనుచున్నాడు. తెలివిగల ముసలిపుంజు నిలిచినచోటనే నిలిచి, నీవే రమ్మని కూయుచుండును. సూర్యుడు నడినెత్తికి వచ్చును. వేటగాడు లేచి యింటికి పోవును. చాలదినము లింతేయని యాయన చెప్పెను.

నేను అడుగవలసినది అడిగితిని. పాండురాజు మృగరూపమున భార్యతో కూడియున్న కిందమమునిని కొట్టి శాపము పొందెను. వాల్మీకి నోట తొలిశ్లోకము పుట్టినది జంటలో మగక్రౌంచమును బోయ కొట్టినందున. మీరు సరిగా ఆ ఋతువుననే, ఆ కోరికనే యెరగా చేసి కొట్టుచున్నారు, ఇది న్యాయమా? అంటిని. కథ రెండును సవిస్తరముగా చెప్పితిని. ఆయన తొందరపడక విని, మా శాస్త్రజ్ఞులు చెప్పునది వేఱనెను. ఒక పుంజు పెక్కు పెట్టలను కూడును. ఒకమారు కూడిన పెట్ట నాలుగువారముల వఱకు పొదుగదగిన గ్రుడ్లు పెట్టగలదు. అందుచే పెట్టలు చాలవఱకు గూళ్ళకు చేరినపిదప కొన్ని పుంజులు తగ్గినను సంతతి తగ్గదు. దాని కొఱకే వేట ఋతువును వసంతమున నాలస్యముగా పెట్టిరి. ఇది యాయన సమాధానము.

సమాధానము బాగుగనే యున్నది. కాని పుస్తకశాలలో తరువాత చదివినది నన్ను మరల నాలోచింపజేసినది. గత యిరువదియేండ్లలో దక్షిణపు రాష్ట్రములలో నీ పక్షులు తగ్గుచున్నవి. దేశపు మొత్తము ఇపుడు అరువది లక్షలకు దిగినది. ఒక్కొక్క పెట్టవెంట బ్రతికి తిరుగు పిల్లల సంఖ్య క్షీణించినది. అడవి మాఱుట, గ్రుడ్లు తిను జంతువులు హెచ్చుట, వానలు, ఇట్లు కారణములు పెక్కు చెప్పుచున్నారు. వానిలో నొకటి, వేటను తగని తొందరగా తెఱచుట. గుంపుకు పెద్దయైన పుంజును పెట్టలు గూళ్ళకు చేరకమునుపే కొట్టినచో కూటమి చెదరు నని కొందఱు పండితుల యనుమానము. అర్కన్సా, టెనెస్సీ మొదలగు రాష్ట్రములు వేటదినమును వెనుకకు జరిపి, ఒక్కొక్కనికి కొట్టదగిన పక్షుల లెక్కను తగ్గించినవి. పండితులలో నిది యింకను తేలలేదు. కిందముడు చెప్పినది తేదీల లెక్క కాదని నే నెఱుగుదును. అయినను వారు తేదీని జరుపుట చూచి నాకు కొంత తృప్తి కలిగినది.

మన దేశమున 1972 శాసనముతో వేట నిలిచిపోయినది. అది నాకు సమ్మతమే. కాని తుపాకి యాగినంతనే పక్షి నిలుచునని చెప్పలేము. కర్నూలు సీమలో రోళ్ళపాడు గడ్డిబయళ్ళు మీలో కొంద ఱెఱుగుదురు. అచ్చటి బట్టమేకపిట్టకై 1988లో రక్షితవన మేర్పఱచిరి. తూకమునకు టర్కీపుంజుతో సమానమైన ఘనపక్షి అది. నేడచ్చట దానిని చూచుట గగనమైనది. దేశమంతట నూటయేబది ప్రాంతమున మిగిలినవని లెక్కింతురు. గడ్డిబయలు దున్నబడినది, విద్యుత్తీగలు వచ్చినవి. రాజస్థానమున 2019 నుండి గ్రుడ్లు తెచ్చి యంత్రములలో పొదిగించి పెంచుచున్నారు. పెన్సిల్వేనియా ఫారపు కథ చదివిన నాకు గుండె ఝల్లుమన్నది. అచ్చట పట్టి పంపుటకు అడవిపక్షి మిగిలియుండెను. మనకు పట్టి పంపుటకు విత్తన మెక్కడ? కావున వారిని తప్పుపట్టజాలను. ఆ పిల్లలకు గద్దనీడను నేర్పు తల్లి యెవ్వతె యగునో వారే కనుగొనవలెను.

నా ప్రయాణదినమున పొరుగింటి వృద్ధుడు వచ్చెను. ఆ వసంతమున పదునొకండు ఉదయము లడవిలో కూర్చుండి యొక్కమారును తుపాకి పేల్చలేదట. కడపటినాడు పుంజు వచ్చినది. నలువది యడుగుల దూరమున నిలిచి తల నీలముగా మార్చి చూచినది. దానివెనుక నొక పెట్ట యుండుటచే గుఱి కుదురలేదట. ఈ మాట చెప్పునపుడు ఆయన ముఖమున విచారము కనబడలేదు. దేవదారు పెట్టెను నా చేతిలో పెట్టి, మీ పిల్లలకు చూపుమనెను.

అది యిపుడు మా యింట గూటిలో విఘ్నేశ్వరుని పటముక్రింద నున్నది. ఊరు చేరిన మఱునాడు సుద్దముక్క రాచి యరుగుపై కూర్చుండి మ్రోగించితిని. ప్రక్కింటివారి కోళ్ళు ఒక్కసారిగా తలలెత్తి, ఈ యాస మనది కాదే యన్నట్లు నావంక చూచి, మరల పెంటకుప్పను గెలుకసాగినవి.